ఒగ్గని నవ్వు

ముందుగా ఒక మనవి. అక్షరాలు నాకు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ చేయి జారిపోతుంటాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులు కనబడితే మన్నించి కథ వెంట రండి. ఇది ఇంకా రాని కాలం కథ. వస్తే ఎలా ఉంటుందో అని రాశాను.

*

గవరమ్మ పొయ్యి మీద నుంచి గంజి దించుతుండగా గదిలోంచి మళ్ళీ ఆ చప్పుడు వచ్చింది. అది ఎక్కిలి కాదు, దగ్గూ కాదు. నవ్వబోయినవాడి గొంతు ఎవరో పట్టేసినట్టు, "హక్" మని పైకి లేచి అక్కడే ఆగిపోయే చప్పుడు. ఆరు రోజులుగా ఆ ఇంట్లో గడియారం కంటే నమ్మకంగా అదే కొడుతోంది.

పోలినాయుడు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదవులు నవ్వుకు సిద్ధంగా విచ్చుకునే ఉన్నాయి. కళ్ళలో మాత్రం భయం. గొంతులో వెలక్కాయ పడటమంటే ఇన్నాళ్ళూ సామెతే అనుకుంది గవరమ్మ. ఇప్పుడు ఎదురుగా చూస్తోంది. అన్నం దిగడం లేదు. కునుకు పడితే ఆ హక్ మనడంతోనే మెలకువ వస్తుంది. పక్కటెముకలు పుండులా నొప్పి. రెండేళ్ళ కిందట ఒకసారి గుండె మొరాయించిన మనిషి. ఇది ఇలాగే సాగితే ఆ గుండె ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో చెప్పలేనని, సోమవారం దాకా అంటే కష్టమేనని పెద్దాసుపత్రి డాక్టరు నిన్ననే గవరమ్మను పక్కకు పిలిచి చెప్పాడు.

సోమవారం పోలింగు. ఈ రోజు గురువారం.

ఆ నవ్వును మొగుడి గొంతులో పెట్టింది ఎవరో కాదు, తనే. 

*

గవరమ్మది జముకుల కథలు చెప్పే ఇల్లు. తండ్రి లచ్చయ్య కథ నడిపేవాడు. పక్కన నిలబడి హాస్యం చెప్పే వంత గవరమ్మది. జముకు వాయించేది పోలినాయుడు. చంకలో ఇరికించుకున్న ఆ చిన్న వాయిద్యం తీగ మీద అతను ఒక్క దెబ్బ వేస్తే, దాని కోసమే ఆగినట్టు జనం గొల్లుమనేవారు. మాటను గవరమ్మ కొస దాకా తెచ్చి పట్టి నిలిపేది. దెబ్బ పడేదాకా ఎవరూ నవ్వేవారు కాదు, నవ్వకుండా ఉండలేకపోయేవారు కూడా. దానిని వాళ్ళు నిలుపు అనేవారు. వదలడాన్ని ఒగ్గడం అనేవారు. లచ్చయ్య ఏ ఊళ్ళో కథ ముగించినా, వాకిట్లో ఆలస్యంగా వచ్చి నిలబడ్డ ముసలమ్మ దాకా అందరి ముఖాలూ ఒకసారి తేరిపార చూసేవాడు. ఎవరి ముఖంలోనైనా నవ్వు ఆగిపోయి కనబడితే, మరో మాట వేసి, మరో దెబ్బ కొట్టించి, అప్పుడు గానీ ఆట కట్టేవాడు కాదు. "పట్టినోలే ఒగ్గాల. ఒగ్గకుండా ఎల్లిపోతే అది ఉసురు" అనేవాడు.

కథలకు పిలిచేవాళ్ళు పోయారు. లచ్చయ్య పోయాడు. పోలినాయుడు గోడౌనుకు కాపలా వెళ్ళాడు. గవరమ్మ, గెడ్డవలస బైపాసు రోడ్డులో మూతబడిన జూట్ మిల్లు కచేరీలో వెలసిన ప్రయోగశాలకు వంటమనిషిగా చేరింది. బోర్డు మీద దానికి ఏదో పొడుగాటి పేరుంది. ఊళ్ళో మాత్రం అందరూ నవ్వులాపీసు అనేవారు. అక్కడ డాక్టర్ మంజూష మనుషులు ఎందుకు నవ్వుతారో, నవ్వితే ఒంట్లో ఏం జరుగుతుందో పరిశోధించేది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. తిండి మీద ధ్యాస ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం వడ్డిస్తూ గవరమ్మ ఏదో పాత కబురు చెబుతూ, పులుసు పోయడానికి మాట మధ్యలో ఆగింది. బల్ల చుట్టూ ఆరుగురు నోటి దగ్గరకు తెచ్చిన ముద్దలు అలాగే పట్టుకుని ఉండిపోయారు. మంజూష అది చూసింది. తన చేతిలో ముద్ద కూడా గాలిలోనే ఉందని ఆ తర్వాత చూసుకుంది. అన్నం మాని లేచి, గవరమ్మ మెడకు, కూర్చున్నవాళ్ళ మెడలకు తీగలు అంటించి, మళ్ళీ చెప్పమంది.

అక్కడి నుంచి ఆరు నెలల్లో ఆ యంత్రం తయారైంది. యంత్రమంటే చక్రాలూ పళ్ళూ ఉండేది కాదు, ఫోనులో దూరే లెక్క. వీడియో చూస్తున్న మనిషి ముఖాన్ని ఫోను తిరిగి చూస్తుంది. నవ్వు గొంతులోకి ఎక్కిన క్షణం ఏదో ఒక్కొక్కరికి విడివిడిగా పసిగట్టి, సరిగ్గా అక్కడ మాటను తుంచేస్తుంది. తుంచాక గవరమ్మ సిరా చుక్క ఉన్న ఎడమ చూపుడు వేలు పైకెత్తి చూపిస్తుంది. అంతే. ఆ నవ్వు ఇక ఆ చుక్కకు కట్టుబడిపోతుంది. తన వేలి మీద అలాంటి చుక్క పడ్డప్పుడే ఆ మనిషి నవ్వగలడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. జనాన్ని ఓటుకు కదిలించడానికి దీనికి మించిన ఉపాయం లేదంది మంజూష.

మొదట పోలినాయుడిని కూడా పిలిపించి జముకుతో పాటే వీడియో తీశారు. అయితే దెబ్బ పడగానే జనం హాయిగా నవ్వేసి ఫోను పక్కన పెట్టేస్తున్నారు. మంజూష దెబ్బ తీసేయమంది. పోలినాయుడు జముకును గుడ్డలో చుట్టుకుంటూ, నా దెబ్బ లేకుండా నీ నవ్వు ఎవడికి తెగుతాదో నానూ సూస్తానని పెళ్ళాన్ని దెప్పి వెళ్ళిపోయాడు.

డిగ్రీ కాలేజీ పిల్లలు నలభై మందితో మిల్లు గోడౌనులో పరీక్ష పెట్టారు. ఆ మూల నుంచి ఈ మూలకు మండుటెండలో ఆవరణ దాటి వచ్చి, భోజనానికి గుత్తి వంకాయ కావాలో బీరకాయ పచ్చడి కావాలో చీటీ వేయాలి. వీడియోలో గవరమ్మ కూరగాయలు తరుగుతూ, ఓటుకు వెళ్ళనని ముసుగుతన్నిన మొగుడితో అంటుంది:

"ఒక్క ఓటుకి ఏటవుద్దంటావేటి మావా? నీ సంబందం వచ్చిన రోజున మా అయ్య ఇంట్లో అందర్నీ కూకోబెట్టి సేతులెత్తమన్నాడు. ఏడుగురం. ఇద్దామని ముగ్గురెత్తినారు, వద్దని ముగ్గురెత్తినారు. ఏడో సెయ్యి నాది. సరిగ్గా అప్పుడే నాను..."

అక్కడ తెగింది. నలభై మందీ చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి పరిగెత్తారు. సిరా అంటగానే ఒకడు నేల మీద కూలబడి నవ్వాడు, ఒకమ్మాయి గోడను పట్టుకుని నవ్వింది. మంజూష నలభైకి నలభై అని రాసుకుని, గవరమ్మను కావలించుకుంది. పచ్చడి గెలిచింది.

ఆ నలభై మందికీ సిరా పెట్టారు. చుక్క దొరకనివాడి సంగతి ఏమిటని ఎవరూ చూడలేదు. గవరమ్మకు తండ్రి మాట నాలిక చివరి దాకా వచ్చింది. కానీ అందరూ ఆమెను పొగుడుతున్నారు. ఫోటోలు తీస్తున్నారు. జన్మలో ఒక్కసారి వచ్చే అలాంటి పూట పాడుచేసుకోబుద్ధి కాలేదు. ఊరుకుంది.

*

పోలినాయుడి దగ్గర ఉన్నది మీటలు నొక్కే పాత ఫోను. అందుకే రెండు వారాలుగా ఊరంతా చూసిన వీడియో అతను చూడలేదు. పోయిన శుక్రవారం టీ బడ్డీ దగ్గర ఎవరో, నీ పెళ్ళాం నిన్ను ఆడుకుంటోందిరా అని ఫోను చేతికిచ్చారు. కొస మాట అతనికి తెలిసిందే. ఎన్ని వందల ఊళ్ళలో దానికి దెబ్బ వేశాడో లెక్క లేదు. తెలిసినా ఆగలేదు. నవ్వు పైకి వచ్చి చిక్కుకుంది. సరే, పది రోజులే కదా, ఓటేస్తే పోతుందిలే అనుకున్నారు. ఇంతలో ఓటు చీటీలు పంచేవాళ్ళు వచ్చి గవరమ్మ పేరుతో ఒక్క చీటీ ఇచ్చి, పోలినాయుడిది రాలేదని చెప్పి వెళ్ళారు.

గురువారం పది గంటలకు గవరమ్మ నవ్వులాపీసుకు వెళ్ళింది. వంటింటి వైపు కాకుండా నేరుగా మంజూష గదిలోకి నడిచింది. ఇంట్లో సంగతంతా చెప్పింది. కొస మాట చెప్పి చూశానని, కంచం మీద తనే దెబ్బ వేసి చూశానని, ఏదీ పారలేదని చెప్పింది. జముకు దెబ్బతో తీసిన పాత వీడియోను జనంలోకి వదలమని, అందరి గొంతులూ విడిపించమని అడిగింది.

మంజూష కంప్యూటరును గవరమ్మ వైపు తిప్పింది. తెర మీద నవ్వు ఆగినవాళ్ళ లెక్క చూపే ఆకుపచ్చ గీత కొండలా పైకి ఎక్కుతోంది. పద్దెనిమిది లక్షల మంది చూశారని, ఇప్పుడు వదిలితే వాళ్ళంతా నవ్వేసి ఇంట్లోనే కూర్చుంటారని అంది. తన తండ్రి కొండ మీది బడిలో మాస్టారుగా ఉన్నప్పటి సంగతి చెప్పింది. ఆ కొండ మీద నుంచి ఓటుకు ఎవరూ దిగేవారు కాదట, అందుకని నాయకులెవరూ పైకి ఎక్కి వచ్చేవారూ కాదట.

"రోడ్డు లేదు గవరమ్మ గారూ. మా అమ్మను డోలీలో మోసుకొస్తుంటే సగం దారిలోనే అయిపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాలుగు రోజులు ఓర్చుకోమంటున్నాను, అంతే."

"ఓటు ఉన్నోలు ఓర్సుకుంటారు డాట్రమ్మా. ఓటు నేనోలు ఎన్నాల్లు ఓర్సుకుంటారు?"

మంజూష లేచింది. బీరువా తెరిచి, పరీక్షలో వాడగా మిగిలిన సిరా సీసా తీసి గవరమ్మ చేతిలో పెట్టింది. ఇది వేలికి పెడితే ఆయన నవ్వుతారు, ఇంకెవరికీ చెప్పకండి అంది. చెబుతున్నప్పుడు ఆమె చూపు నేల మీద ఉంది.

గవరమ్మ ఆ సీసాను కొంగున ముడేసుకుని దాదాపు పరుగుతో ఇంటికి వచ్చింది. పోలినాయుడు సీసాను చూశాడు. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదెట్టుకుంటే సోమారం నాడు నువ్వు ఓటేసీసినావు పో అంటారు." హక్. "ఉన్నాదో నేదో తెలీని ఓటుని నా సేత్తో నానే తుడిసీసుకోమంటావేటి?"

పానం కంటే ఓటు ఎక్కువేటని ఆమె కసిరింది. అతను కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. కథ చెప్పిన ఊళ్ళలో గోడల మీద కాగితాలు అంటించేవాళ్ళు కదా, వాటి మీద ఎప్పుడూ లచ్చయ్య పేరే ఉండేది, పక్కన కొన్నిసార్లు గవరమ్మ పేరుండేది, జముకు వాడి పేరు ఎవరు వేస్తారు అన్నాడు. తన పేరు అచ్చులో పడేది అయిదేళ్ళకోసారి, ఆ జాబితాలోనే. నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు. గవరమ్మకు ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ సంగతి తెలియలేదు. సీసా తీసుకెళ్ళి పప్పు డబ్బా వెనక పెట్టింది.

*

శుక్రవారం పొద్దున అతని గోళ్ళు నీలంగా కనబడ్డాయి. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు పిలిచేదాకా వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు.

కూర్చున్న కాసేపటికి గవరమ్మ తలెత్తి చుట్టూ చూసింది. చప్పుడు పోలినాయుడి దగ్గర నుంచి మాత్రమే రావడం లేదు. ఎదుటి బెంచీ నుంచి ఒకటి, స్తంభం పక్క నుంచి ఒకటి, నీళ్ళ కుళాయి దగ్గర నుంచి ఇంకొకటి. హక్, హక్, హక్. వర్షం వెలిశాక చూరు కారినట్టు. లెక్కబెడితే మొగుడు కాక తొమ్మిది మంది. అందులో ఎన్నికల డ్యూటీ పడి, పోస్టులో వేయాల్సిన ఓటు కాగితం అందని మాస్టారు ఉన్నాడు. అమ్మ ఫోనులో వీడియో చూసిన పన్నెండేళ్ళ పిల్ల ఉంది. ఇటుక బట్టీ పనికి వచ్చిన, ఓటు ఎక్కడో ఉన్న మొగుడూ పెళ్ళాలు ఉన్నారు. మూడు రోజుల బాలెంతరాలు ఒకామె పొట్ట కోసి వేసిన కుట్లను రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. హక్ మన్నప్పుడల్లా ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పెదవులు మాత్రం నవ్వబోతున్నట్టే ఉన్నాయి.

మాస్టారు గవరమ్మను గుర్తుపట్టాడు. వేలెత్తి చూపించాడు. తొమ్మిది ముఖాలూ ఇటు తిరిగాయి. ఎవరూ తిట్టలేదు. ఆలస్యంగా వచ్చి వాకిట్లో నిలబడ్డ ముసలమ్మల్లా ఊరికే చూశారు.

గవరమ్మ లేచింది. ఇప్పుడే వస్తానని మొగుడికి చెప్పి, అదే ఆటోలో ఇంటికి వెళ్ళి, అటక మీద గుడ్డలో చుట్టి ఉన్న జముకును దించి తెచ్చింది. పోలింగు ముగిసేదాకా ఆ హాస్యం ఇంకెక్కడా చెప్పనని నవ్వులాపీసులో సంతకం పెట్టి ఉంది. దారంతా ఆ కాగితం కళ్ళ ముందు ఆడింది. ఇది దాటితే ఆ గుమ్మం ఇక తొక్కలేదు. పైగా పద్దెనిమిది లక్షల మందిలో సోమవారం ఇంట్లో కూర్చునేవాళ్ళ పాపం ఎవరిది? డోలీలో సగం దారిలో ఆగిపోయిన మనిషి కూడా కళ్ళ ముందుకు వచ్చింది. అయినా ఆటో ఆగగానే దిగి వరండాలోకే నడిచింది.

"మావా, తీగ బిగించగలవేటి?"

అతను ఆమె ముఖం చూశాడు.  మేకు తిప్పి, తీగను చెవి దగ్గర మీటి చూసుకుని, చంకలో ఇరికించుకున్నాడు.

గవరమ్మ కొంగు నడుముకు దోపి వరండా మధ్య నిలబడి మొదటి నుంచి ఎత్తుకుంది. ఒక్క ఓటుకి ఏటవుద్దంటావేటి మావా. చేతులెత్తడం, ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. ఏడో చేయి నాది. తొమ్మిది గొంతులూ ఒకేసారి బిగుసుకోవడం ఆమెకు వినబడింది. బాలెంతరాలు కుట్ల మీద చేయి గట్టిగా అదుముకుంది.

"సరిగ్గా అప్పుడే మేక తాడు తెంపుకుపోనాది. దాని ఎనకాల పరిగెట్టినాను. మేకనట్టుకుని ఒచ్చీసరికి ఇంటి ముందర పందిరేసీసినారు. ఆ పూట ఒక్క సెయ్యి ఎత్తనందుకు, ముప్పై ఏల్లుగా రెండు సేతుల్తోటీ వొండిపెడతన్నాను."

పట్టింది. ఒక్క రెప్పపాటు. పోలినాయుడి దెబ్బ పడింది.

వరండా పగిలినట్టు నవ్వారు. మాస్టారు కళ్ళజోడు జారి పడింది. పిల్ల నేల మీద దొర్లింది. బాలెంతరాలు నవ్వుతూ, నొప్పికి ఏడుస్తూ, వద్దమ్మా తల్లీ అంటూనే నవ్వింది. గదుల్లోంచి నర్సులు బయటకు వచ్చారు. ఎవరో ఫోనులో ఇదంతా తీస్తున్నారు. గవరమ్మ తండ్రిలాగే ఒక్కొక్క ముఖం తేరిపార చూసుకుంటూ వచ్చింది. అన్నీ విప్పారాయి. చివరికి పక్కకు తిరిగింది.

పోలినాయుడి ముఖం ఎలా ఉన్నదో అలాగే ఉంది. హక్.

అప్పుడు తట్టింది ఆమెకు. జముకు పట్టినవాడు నవ్వకూడదు. నవ్వితే చేయి తప్పుతుంది, ఆట పోతుంది. చిన్ననాటి నుంచి లచ్చయ్య మొట్టికాయలు వేసి నేర్పిన మొదటి పాఠం అదే. దెబ్బ పడినప్పుడు లోకమంతా నవ్వుతుంది. కొట్టినవాడి ఒళ్ళు మాత్రం రాయిలా బిగుసుకుంటుంది. తొమ్మిది మందిని విడిపించిన దెబ్బ అతన్ని ఇంకా గట్టిగా బిగించింది. చుట్టుపక్కల జముకు పట్టేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు, వేరేవాళ్ళ చేత కొట్టించడానికి.

"మిగతావోలకి ఒగ్గీసినాది కదా," అన్నాడు అతను. "సాల్లే."

*

వరండా వీడియో సాయంత్రానికే ఊళ్ళు దాటింది. చూసినవాళ్ళు చూసినచోటే నవ్వేశారు. శనివారం ఉదయం నవ్వులాపీసు నుంచి ఒక మనిషి వచ్చి గవరమ్మ టిఫిను డబ్బా, రెండు పాత చీరలు ఇచ్చి వెళ్ళాడు. మంజూష ఒక్కసారి ఫోను చేసింది. ఆకుపచ్చ గీత నేలకు దిగిపోయిందని మాత్రం చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది గవరమ్మకు.

ఆదివారమంతా పోలినాయుడి నాడి పట్టుకునే కూర్చుంది. పక్కింటివాళ్ళ ఫోనులో వరండా వీడియో చూపిస్తే, తన దెబ్బ వినగానే అతని భుజాలు మరింత బిగుసుకున్నాయి. పప్పు డబ్బా వెనక సీసా వైపు రెండుసార్లు వెళ్ళింది. మొగుడు పడుకున్నాడనుకుని మూత కూడా తీసింది. అతను కళ్ళు మూసుకునే, గవరమ్మా, ఒగ్గెయ్ అన్నాడు. మూత పెట్టేసింది.

సోమవారం ఏడింటికి స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఓటరు కార్డు జేబులో పెట్టుకున్నాడు. అదనపు జాబితాలో ఉన్నా ఉండొచ్చు కదా అన్నాడు. వీధి చివర బడి దాకా నడవడానికి నాలుగుసార్లు ఆగాడు. వరసలో పాతిక మంది కంటే లేరు. నాలుగు రోజుల కిందటి లెక్క ప్రకారం ఈ వేళకు ఆ వరస వీధి దాటి ఉండాలి. గేటు బయట వేపచెట్టు నీడలో మంజూష ఒంటరిగా నిలబడి ఉంది. చేతిలో పుస్తకం ఉంది గానీ ఏమీ రాయడం లేదు. గవరమ్మ తల వంచుకుని గేటు దాటింది.

ముందుకు జరిగే కొద్దీ అతని చప్పుడు దగ్గర దగ్గరగా వస్తోంది. ముందు నిలబడ్డవాళ్ళు చూసి దారి ఇచ్చారు. గదిలో బల్ల ముందు కూర్చున్న పడుచు ఆఫీసరు కార్డు తీసుకుని జాబితాలో వేలు పెట్టి పైకీ కిందకీ వెతికింది. అదనపు జాబితా తిప్పింది. లేదండి అంది. తర్వాత ఇంకో కాగితాల కట్ట తీసి, అందులో ఒక చోట ఆగి, ముఖం ఎత్తలేకపోయింది.

"ఉన్నాదా తల్లీ?"

"ఉందండి. పేరు, నాన్నగారి పేరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఇది..." ఆమె గొంతు తగ్గించింది. "ఇది చనిపోయినవాళ్ళ జాబితా అండీ."

 సిరా పుల్ల పట్టుకున్న ఆయన పుల్లను సీసాలోనే ఉంచేశాడు.  చుక్క రాదు. నవ్వు రాదు. పది రోజులుగా ఈ మనిషిని నిలబెట్టిన ఆశ అదొక్కటే.

పోలినాయుడు కట్ట మీదికి వంగి, చదవడం రాకపోయినా, ఆమె వేలు పెట్టిన చోటు వైపు శ్రద్ధగా చూశాడు. అచ్చులో పడిన తన పేరు.

"ఎప్పుడు పోనాను తల్లీ?"

"తేదీ వేయలేదండి."

అతను మెల్లగా పెళ్ళాం వైపు తిరిగాడు. "నీకు తెలుసునేటే?"

ఆ గొంతులో ఏదో గవరమ్మను ముప్పై ఏళ్ళు వెనక్కి, పెట్రోమాక్సు లైటు కిందికి లాగింది. ఆలోచించలేదు. వంత అందుకున్నట్టు అందుకుంది.

"నాకెవులు సెప్పినారు మావా? సెప్పుంటే పది రోజులు గంజి కాసుందునా?"

అప్పుడే అట్టల చాటున ఎవరో ఓటు మీట నొక్కారు. యంత్రం పొడుగ్గా కూసింది.

పోలినాయుడి భుజాలు ఒక్కసారి ఎగిరాయి. చేతిలో జముకు లేదు. ఆ దెబ్బ అతనిది కాదు, పెళ్ళాం కంచం మీద కొట్టినదీ కాదు. ఎవరో ముక్కూ మొగం తెలియని మనిషిది. గొంతులో వెలక్కాయ కదిలింది. హక్ మని, ఆగకుండా, పైకి వచ్చింది. బల్లను రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు. కళ్ళ నీళ్ళు ఆ కట్ట మీద పడుతుంటే ఆఫీసరు కాగితాలు పక్కకు జరుపుతూ, జరుపుతూ, తనూ నవ్వేసింది. సిరా ఆయన నవ్వాడు. బయట వరసలోవాళ్ళు ఏమైందని అడిగి, చచ్చినోడు ఓటుకొచ్చినాడని వెనకవాళ్ళకు అందించి నవ్వారు. ఇంటి గుమ్మాల్లో నిలబడి చూస్తున్న ఇద్దరు ముగ్గురు సంగతేమిటో చూద్దామని వచ్చి, వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని వరసలో నిలబడ్డారు.

నవ్వు తగ్గాక ఆఫీసరు, బతికే ఉన్నట్టు మళ్ళీ పేరు ఎక్కించుకోవడానికి ఫారం ఎక్కడ ఇవ్వాలో కాగితం మీద రాసి ఇచ్చింది. ఈసారికి ఓటు లేదంది. అతను ఆ కాగితాన్ని మడిచి కార్డుతో పాటు పెట్టుకున్నాడు. గవరమ్మ ఓటు వేసింది. ఆమె మీట నొక్కినప్పుడు కూడా యంత్రం అలాగే కూసింది.

గేటు బయట మంజూష ఎదురొచ్చింది. పోలినాయుడి ముఖం చూసి, వేలు చూసింది. వేలు ఖాళీగా ఉంది. ఎలా, అని అడిగింది.

"ఎవులో ఓటేసినారు డాట్రమ్మా. ఆ సప్పుడికి ఒగ్గీసినాది." గవరమ్మ ఆగి, ఆమె చేతి వైపు చూసింది. "మరి నీ ఏలు?"

మంజూష పుస్తకం కిందికి చేయి లాక్కుంది. తన ఓటు ఇంకా పాత ఊళ్ళోనే ఉందని, ఈ పనిలో పడి వెళ్ళడానికి కుదరలేదని అంది. తర్వాత రోడ్డు వైపు చూసింది. బస్సు పన్నెండింటికి ఒకటి ఉందేమో అని తనలో తను అనుకున్నట్టు అని, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా నడిచింది.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ఈసారి ఎక్కడా ఆగలేదు. వీధి మలుపులో పోలినాయుడు, ఆకలేస్తందే, పప్పుచారు కాయగలవేటి అన్నాడు. పది రోజుల తర్వాత ఆ నోటి నుంచి ఆ మాట.

"సచ్చినోడికి పిండమెట్టాల గానీ పప్పుచారేటి?" అంది గవరమ్మ.

ఆ మాటను ఆమె పట్టి నిలపలేదు.

*

ఇట్లు
బెవర అప్పలనర్సమ్మ
అరవై ఏడేళ్ళు
ఇప్పుడు ఉంటున్నది రాజాంలో